ఈబీపీ (ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్, అంటే ఆధారం చూసుకుని పనిచేయడం) గురించి సిస్టర్లు అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

పాలమూరు, నల్గొండ వైపు ఆస్పత్రుల్లో సిస్టర్లకు క్లాసులు చెప్పడం మొదలుపెట్టాక ఒకటి గమనించాను. క్లాసులో "డౌట్స్ ఉన్నాయా?" అంటే ఎవరూ నోరు విప్పరు. అసలు ప్రశ్నలన్నీ టీ దగ్గర వస్తాయి, లేదంటే డ్యూటీ దిగి బస్టాండుకు నడుస్తున్నప్పుడు వస్తాయి. అలా వచ్చినవే ఇవి. ఇరవై ఏళ్లకు పైగా వార్డుల్లో నైట్ డ్యూటీలు చేసి, ఇప్పుడు ఇన్ఫెక్షన్ కంట్రోల్ పని చూస్తున్నాను. కాబట్టి పుస్తకం జవాబుల మధ్య నా సొంత అభిప్రాయాలు కూడా దొర్లుతాయి.

ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ అంటే ఏంటి? మామూలు మాటల్లో చెప్పండి.

పేషెంటుకు చేసే పని గురించి "ఎందుకిలా చేస్తున్నావు?" అని ఎవరైనా అడిగితే, "మా సీనియర్లు ఇట్లనే చేసేవాళ్లు" అన్నది కాకుండా ఇంకో జవాబు మన దగ్గర ఉండటం.

1996లో డాక్టర్ డేవిడ్ సాకెట్, ఆయన తోటివాళ్లు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం రాశారు. ఇప్పటికీ అందరూ దాన్నే చూపిస్తారు. వాళ్లు రాసింది డాక్టర్ల కోసమే అయినా మనకూ సరిపోతుంది. దొరికిన వాటిలో మంచి పరిశోధన, పనిచేసేవాళ్ల అనుభవం, పేషెంటు ఇష్టాయిష్టాలు, ఈ మూడూ కలవాలి. మూడు రాళ్ల పొయ్యి అనుకోండి. ఒక రాయి తీసేస్తే గిన్నె ఒరిగిపోతుంది. మనవాళ్లలో చాలామంది మొదటి రాయి ఒక్కటే ఈబీపీ అనుకుని, "అమ్మో, రీసెర్చా" అని అక్కడే ఆగిపోతారు.

అది డాక్టర్ల సంగతి కదా, మాకెందుకు?

డాక్టరు రౌండ్స్‌కు వచ్చి మంచం దగ్గర ఎంతసేపు ఉంటారో మీకు తెలుసు. మిగతా టైమంతా అక్కడుండేది మనమూ, అటెండెంట్లూ. క్యాథెటర్ (మూత్రం పోవడానికి పెట్టే గొట్టం) సంచి ఎక్కడ వేలాడాలో, పక్షవాతం వచ్చిన మనిషిని ఎన్ని గంటలకోసారి తిప్పాలో, పుట్టిన బిడ్డను ముందు తల్లి రొమ్ము మీద పెట్టాలో తూకం మీద పెట్టాలో కేస్ షీట్‌లో ఎవరూ ఆర్డరు రాయరు. అవి మన చేతి పనులు. వాటికి ఆధారం వెతుక్కోవాల్సింది కూడా మనమే.

ఇంకో మాట. ఈ దారి మొదట చూపించినవాళ్లలో ఒక నర్సు ఉంది. క్రిమియా యుద్ధంలో (1853–56) సైనికులు గాయాల కన్నా జబ్బులతోనే ఎక్కువ చనిపోయారని ఫ్లోరెన్స్ నైటింగేల్ లెక్కలు తీసి, 1858లో రంగుల పటం గీసి ప్రభుత్వానికి చూపించింది. మనం మే 12న, నర్సుల దినోత్సవం నాడు, కేక్ కోసి ఆమె చేతిలోని దీపాన్ని తలుచుకుంటాం. రెండో చేతిలోని లెక్కల పుస్తకం ఎవరికీ గుర్తుండదు.

నర్సులు నిజంగా దీన్ని నమ్ముతున్నారా, పైపైన తల ఊపుతున్నారా?

రెండూ ఉన్నాయి. దీని మీద ప్రపంచమంతా నర్సులనే అడిగి చూశారు. అడ్డంకులు ఏంటో తెలుసుకోవడానికి 1991లో అమెరికాలో 'బారియర్స్ స్కేల్' తయారైంది. నర్సుల వైఖరి, తెలివిడి, ఆచరణ కొలవడానికి 2006లో బ్రిటన్‌లో 24 ప్రశ్నల పత్రం వచ్చింది. ఏ దేశంలో అడిగినా జవాబులు కొంచెం అటూ ఇటూగా ఒకేలా వస్తున్నాయి. "ఈబీపీ మంచిదే" అన్నదానికి మార్కులు ఎక్కువ, "నాకు తెలుసు, నేను చేస్తున్నాను" అన్నదానికి తక్కువ. అడ్డంకుల్లో పదే పదే పైకొచ్చేవి రెండు: టైం లేదు, పద్ధతి మార్చే అధికారం నాకు లేదు.

మన దగ్గర ఆ పత్రాలు ఎలా నింపుతారో కూడా చెప్పాలి. ఎంఎస్సీ చదివే అమ్మాయి థీసిస్ కోసం కాగితాలు పట్టుకుని వస్తుంది. సరిగ్గా డ్యూటీ ఓవర్ ఇచ్చే టైము. పక్కన హెడ్ సిస్టర్ నిలబడి ఉంటుంది. వరసగా "స్ట్రాంగ్లీ అగ్రీ" టిక్కులు పెట్టేసి ఇచ్చేస్తాం. అందుకే "నర్సుల వైఖరి సానుకూలంగా ఉంది" అన్న వాక్యాన్ని నేను సగమే నమ్ముతాను.

టీ దగ్గర వినిపించేది వేరు. "మంచిగనే ఉంటది మేడమ్, కానీ ఏదన్న అయితే ఎవరిమీదికి వస్తది?" ఈ ఒక్క మాటలో మొత్తం ఉంది. పాత పద్ధతిలో చేస్తే పేషెంటుకు ఏదైనా అయినా ఎవరూ ఏమీ అడగరు. కొత్త పద్ధతిలో చేసినప్పుడు అదే జరిగితే మెమో వస్తుంది. సిస్టర్లకు ఆధారం మీద నమ్మకం లేక కాదు, ఆధారాన్ని పాటిస్తే అండగా నిలబడేవాళ్లు ఉంటారన్న నమ్మకం లేక వెనకాడతారు. ట్రైనింగ్ ఎన్నిసార్లు పెట్టినా ఈ భయం మీద చెయ్యి వేయకపోతే ఏమీ మారదని నా అనుభవం.

రోజూ చేసే పనుల్లో ఆధారం లేనివి నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. మీ వార్డులోనే చూసుకోండి.

ముందు ఇంజెక్షన్ ట్రే. స్టీలు గిన్నెలో దూది ఉండలు వేసి, పైన స్పిరిట్ పోసి, మూత పెట్టి రోజంతా వాడతాం. అలా ముందే నానబెట్టిన దూది వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 నాటి ఇంజెక్షన్ మార్గదర్శకాల్లో సూటిగా రాసింది. అందరి వేళ్లూ ఆ గిన్నెలోకే వెళ్తాయి. మూత తీసి పెట్టేసరికి ఆల్కహాల్ ఆవిరైపోతుంటుంది. నమ్మకపోతే సాయంత్రం నాలుగింటికి మూత తీసి వాసన చూడండి, పొద్దుటి ఘాటు ఉండదు. మిగిలేది తడి దూది, దాని మీద చేతుల నుంచి దిగిన క్రిములు. పొడి దూది విడిగా పెట్టుకుని అప్పటికప్పుడు స్పిరిట్ వేసుకుంటే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు. అయినా ఒక వార్డులో ఈ మార్పు తేవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఎందుకంటే ట్రే సర్దడం నైట్ సిస్టర్ చివరి పని. గిన్నెలో తడి దూది కనిపించకపోతే "ట్రే కూడా సెట్ చేయలేదు" అని మార్నింగ్ వాళ్లు గొడవ పెట్టుకునేవాళ్లు. అడ్డుపడింది గిన్నె కాదు, గిన్నె చుట్టూ ఉన్న అలవాటు.

రెండోది, మంచాన పడ్డవాళ్లకు స్పిరిట్‌తో వీపు రుద్ది పౌడర్ చల్లడం. మా బ్యాచ్ అందరం ప్రాక్టికల్స్‌లో దీనికి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. కానీ ఎముక పైకి ఉన్నచోట చర్మం ఎర్రబడితే అక్కడ రుద్దకూడదు, లోపల అప్పటికే నలిగిన కండ ఇంకా నలుగుతుంది. స్పిరిట్ చర్మాన్ని ఎండగడుతుంది. మడమ కింద నీళ్లు నింపిన గ్లవ్ పెట్టడం, రింగు దిండు వేయడం కూడా మానేయమనే మార్గదర్శకాలు చెప్తున్నాయి. పనికొచ్చేది తిప్పడం, తడి లేకుండా చూడటం, తిండి సరిగ్గా పెట్టడం, మడమ పరుపుకు తగలకుండా పిక్క కింద దిండు వేయడం. ఎవరికి పుండు పడే ముప్పు ఉందో ముందే పట్టుకోవడానికి బ్రాడెన్ స్కేల్ ఉంది. ఆరు అంశాలు చూసి 6 నుంచి 23 లోపు మార్కు వేస్తాం, 18 లేదా అంతకన్నా తక్కువ వస్తే జాగ్రత్త పడాలి. వేయడానికి పట్టేది రెండు మూడు నిమిషాలు.

లేబర్ రూములో అందరికీ షేవింగ్, అందరికీ ఎనిమా అవసరం లేదని, కాన్పు తొందరగా అవ్వాలని పొట్ట మీద నొక్కొద్దని 2018 ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సుల్లో ఉంది. తెలంగాణలో 2017లో మొదలైన మిడ్‌వైఫరీ (నర్సులే కాన్పులు చూసుకునే) శిక్షణ తీసుకున్న సిస్టర్లు ఎవరైనా మీ దగ్గరుంటే వాళ్లు పనిచేసేటప్పుడు ఒక్క కాన్పు పక్కన నిలబడి చూడండి. నేను చెప్పేదానికన్నా బాగా అర్థమవుతుంది.

ఇక యూరిన్ క్యాథెటర్. రోజూ బెటడిన్‌తో తుడవాల్సిన పని లేదు, స్నానం చేయించేటప్పుడు మామూలు శుభ్రత చాలు. కానీ సంచి ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. పేషెంటును ఎక్స్‌రేకు స్ట్రెచర్ మీద తీసుకెళ్లేటప్పుడు సంచి తీసి ఆయన పొట్ట మీద పెట్టేస్తాం, గుర్తొచ్చిందా? అది మానేయండి ముందు.

క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) 72 గంటలకు తప్పనిసరిగా మార్చాలా?

దీనికి నా తప్పుతోనే మొదలుపెడతాను. చాలా ఏళ్ల కిందట, దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఫిమేల్ వార్డులో ఉంది. చేతులు సన్నగా, నరాలు దారాల్లా ఉన్నాయి. పెట్టిన క్యాన్యులా చక్కగా నడుస్తోంది, వాపు లేదు, నొప్పి లేదు. కానీ మూడు రోజులు దాటాయి, రూల్ ప్రకారం మార్చాలి. తీసేశాను. ఆ తర్వాత నాలుగుసార్లు గుచ్చితే గానీ నరం దొరకలేదు. "మంచిగనే పోతుండె కదా బిడ్డా, మల్లెందుకు గుచ్చుతున్నవ్?" అంది. నా దగ్గర జవాబు లేదు. రూల్ అని చెప్పలేకపోయాను.

ఆమె అడిగింది సరైన ప్రశ్నే. 2012లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 3,283 మంది పేషెంట్ల మీద చేసిన అధ్యయనం లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఒక గుంపుకు మూడో రోజు నాలుగో రోజు మధ్య క్యాన్యులా మార్చారు, ఇంకో గుంపుకు అవసరమైతేనే మార్చారు. నరం వాపు రెండు గుంపుల్లోనూ 7 శాతమే. చేసింది డాక్టర్లు కాదు, నర్సు పరిశోధకుల నాయకత్వంలో జరిగింది.

అలాగని ఇక ఎన్ని రోజులైనా వదిలేయొచ్చని కాదు. జెనీవాలోని యూనివర్సిటీ ఆస్పత్రుల్లో అవసరమైతేనే మార్చే పద్ధతికి వెళ్లాక క్యాన్యులా వల్ల వచ్చే రక్తపు ఇన్ఫెక్షన్లు పెరిగాయని, పాత పద్ధతికి తిరిగొచ్చాక తగ్గాయని 2021లో రాశారు. నాకు దీంట్లో వైరుధ్యం కనిపించదు. మార్చకుండా ఉంచాలంటే ప్రతి షిఫ్టులో ప్లాస్టర్ మీద నుంచి వేలితో నొక్కి చూడాలి, నొప్పి ఉందా, ఎర్రబడిందా, గట్టిపడిందా అని. అవసరం తీరిన రోజే తీసేయాలి. ఆ చూపు లేని వార్డులో 72 గంటల రూలే నయం అంటాను నేను. మీ ఆస్పత్రి ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ రాసిన రూల్ మారేదాకా దాన్నే పాటించండి, కానీ మార్చమని అడగండి.

మన పేషెంట్లకు ఫారిన్ రీసెర్చ్ సరిపోతుందా?

కొన్ని సరిపోవు. ఐసీయూలో ఒక్క పేషెంటుకు ఒక నర్సు ఉన్నచోట చేసిన అధ్యయనాన్ని మన ఫిమేల్ మెడికల్ వార్డుకు అతికించలేం. అందుకే ఏది చదివినా "ఎవరి మీద చేశారు, ఎక్కడ చేశారు" అన్నది మొదట చూడాలి.

కానీ పరిశోధన అంటే ఫారినే అనుకోవడం మన చిన్నచూపు. ఫ్లోరైడ్ నీళ్లను పటిక, సున్నంతో శుభ్రం చేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970ల్లో రూపొందించి ఏం పేరు పెట్టింది? 'నల్గొండ టెక్నిక్'. దేశంలో ఏ నర్సింగ్ కాలేజీలో కమ్యూనిటీ హెల్త్ చదివినా ఆ పేరు పరీక్షకు రాసుకోవాల్సిందే. ఆ తర్వాత కృష్ణా నీళ్లొచ్చాయి, మిషన్ భగీరథ వచ్చింది, అది వేరే కథ.

ఇంకోటి ఎస్ఎన్‌సీయూ (జబ్బుగా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల వార్డు) సిస్టర్ల కోసం. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను కాస్త తేరుకున్నాక కాకుండా పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి ఉంచితే ఏమవుతుందని ఐదు దేశాల ఆస్పత్రుల్లో చూశారు. వాటిలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ కూడా ఉంది. 2021లో ఫలితం వచ్చింది: నెల లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. కంగారూ కేర్ అంటే మిషన్లు లేనివాళ్లు చేసుకునే పని అని చులకనగా చూసేవాళ్లకు ఈ రెండు అంకెలు చూపించండి.

పాము కాటు కేసుల్లో నర్సు చేతిలో ఏముంటుంది?

వానాకాలం మొదలైతే మన వైపు క్యాజువాలిటీలో ఇవి తప్పవు. కంది చేలో, పత్తి చేలో, రాత్రి బోరు మోటారు వేయడానికి పోయినప్పుడు కరుస్తాయి. ఇక్కడ ఈబీపీ అంటే పెద్ద పెద్ద మిషన్లు కాదు, ఒక గాజు ట్యూబు.

రక్తం గడ్డకడుతుందో లేదో చూసే 20 నిమిషాల పరీక్ష మీకు తెలిసిందే. 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో వేసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. ఇంకా కారుతుంటే రక్తపింజర లాంటి పాము విషం ఎక్కినట్టు, డాక్టరుకు వెంటనే చెప్పాలి. ప్లాస్టిక్ ట్యూబు వాడితే మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. సర్ఫ్‌తో కడిగిన గాజు ట్యూబు కూడా మోసం చేస్తుంది. నేను పనిచేసిన ఒక చోట లేబొరేటరీ బాయ్ ట్యూబులన్నీ సర్ఫ్ నీళ్లలో నానబెట్టి కడిగి ఇచ్చేవాడు, ఎంత శుభ్రంగా మెరుస్తున్నాయో అని మురిసిపోయేవాళ్లం. మెరుపు కాదు కావాల్సింది.

మధ్యమధ్యలో "గడ్డకట్టిందా?" అని అటెండెంట్ల కోసం ట్యూబు ఊపి చూపించొద్దు. ఫోన్లో టైమర్ పెట్టండి. పరీక్ష బాగానే ఉందని నిశ్చింతగా ఉండొద్దు కూడా. కట్లపాము, నాగుపాము నరాల మీద దెబ్బ కొడతాయి, వాటికి రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దవుతుందా అని చూస్తూ ఉండాలి. ఊరి నుంచి వచ్చేటప్పుడు గట్టిగా కట్టిన తాడు ఉంటే డాక్టరు లేకుండా టక్కున విప్పొద్దు. మందులూ మనుషులూ సిద్ధంగా ఉన్నాక విప్పాలి.

పేషెంటు తరఫువాళ్లే ఒప్పుకోకపోతే?

"మూడు రాళ్ల"లో వాళ్లూ ఉన్నారని చెప్పాను కదా. ఎక్కువగా వచ్చే గొడవ ఇది: బిడ్డకు విరేచనాలు, "గ్లూకోజ్ ఎక్కియ్యుండ్రి సిస్టరమ్మా". ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇస్తే మనం పట్టించుకోనట్టు, సీసా వేలాడదీస్తే వైద్యం చేసినట్టు.

నేను ఓఆర్ఎస్ కథ చెప్తాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు బనగావ్ శిబిరంలో కలరా పట్టుకుంది, సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి, ఇంటివాళ్ల చేతనే తాగించారు. చావులు ఒక్కసారిగా పడిపోయాయి. ఈ కథ చెప్పి, కప్పూ చెంచా తల్లి చేతికిచ్చి, పక్కన పది నిమిషాలు కూర్చుంటే సగం మంది ఒప్పుకుంటారు. తీవ్రంగా నీరసించి తాగలేని బిడ్డకు మాత్రం సెలైనే కావాలి, అక్కడ కథలు చెప్పొద్దు.

లంబాడీ మాట్లాడే తల్లికి మన తెలుగు సలహా సగమే చేరుతుంది. వార్డులో ఆ భాష వచ్చిన ఆయమ్మ ఉంటే ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి.

నలభై మందికి ఒక్కదాన్ని. దీనికి టైం ఎక్కడిది?

ఈ ప్రశ్నకు ఉపన్యాసం ఇచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం టీచింగ్ ఆస్పత్రి జనరల్ వార్డులో ముగ్గురికి ఒక నర్సు, మామూలు ఆస్పత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలి. మీ వార్డు లెక్క మీకు తెలుసు.

నర్సుల సంఖ్య గురించి కూడా ఆధారం ఉంది, దాన్ని మాత్రం ఎవరూ ఈబీపీ క్లాసులో చెప్పరు. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం తొమ్మిది యూరప్ దేశాల్లో నాలుగు లక్షలకు పైగా సర్జరీ పేషెంట్ల వివరాలు చూసి 2014లో లాన్సెట్‌లో రాసింది. ఒక్కో నర్సు మీద ఒక్క పేషెంటు అదనంగా పడితే నెల లోపు చనిపోయే ముప్పు 7 శాతం పెరుగుతోంది. పోస్టుల గురించి అర్జీ రాసేటప్పుడు ఈ ముక్క జత చేయండి.

అప్పటిదాకా? టైం తీసుకునే ఈబీపీ ఉంది, టైం మిగిల్చే ఈబీపీ ఉంది. మొదట రెండోది పట్టుకోండి. అందరికీ ఎనిమా మానేస్తే, బెటడిన్ తుడుపు మానేస్తే, అవసరం తీరిన క్యాథెటర్ తీసేస్తే మీ పని తగ్గుతుంది.

డాక్టరు "నాకు నేర్పిస్తున్నావా?" అంటే?

నాకూ అన్నారు. ఏ ఆస్పత్రో వద్దు. లేబర్ రూములో అందరికీ ఎనిమా అవసరం లేదట సార్ అన్నాను, అందరి ముందూ. "నువ్వు నర్సింగ్ చదివావా, ఎండీ చదివావా?" అన్నారు. ఇంటికెళ్లి ఏడ్చాను. తర్వాత ఆలోచిస్తే సగం తప్పు నాదే, స్టూడెంట్ల ముందు చెప్పాల్సిన మాట కాదు.

తర్వాత నేర్చుకున్న పద్ధతి ఇది: మార్గదర్శకం ఉన్న పేజీ ఒక్కటే ప్రింట్ తీసుకుని, రౌండ్స్ అయ్యాక, "సార్, ఇది మన దగ్గర చేయొచ్చా, మీరు చూసి చెప్తారా?" అని ప్రశ్నలా అడగడం. చిన్న డాక్టర్లతో కన్నా హెచ్ఓడీలతో (విభాగం పెద్దలతో) ఇది సులువుగా నడిచింది.

రాత్రి ఫోన్‌లో చెప్పేటప్పుడు ఎస్‌బార్ పద్ధతి వాడండి: ఇప్పుడేమైంది, ముందు సంగతేంటి, నేను చూసిందేంటి, మీరు ఏం చేయాలి, ఈ వరసలో చెప్పడం. "సార్, ఫిమేల్ మెడికల్ నుంచి సిస్టర్ని. పన్నెండో బెడ్ అమ్మకు ఆయాసం పెరిగింది. నిన్న నిమోనియాతో అడ్మిట్ అయ్యింది. సాచురేషన్ 94 నుంచి 86కు దిగింది, శ్వాస 34. ఆక్సిజన్ పెట్టాను. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి." చివరి వాక్యం మనవాళ్లు మింగేస్తారు. అదే ముఖ్యం.

వియన్నా కథ కూడా గుర్తుంచుకోండి. 1840ల్లో అక్కడి ఆస్పత్రిలో రెండు కాన్పు వార్డులుండేవి. డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసే వార్డులో బాలింతల చావులు ఎక్కువ, మంత్రసానులు చూసే వార్డులో తక్కువ. పోస్టుమార్టం చేసిన చేతులతోనే కాన్పులు చేయడం వల్ల అని అక్కడి డాక్టర్ సెమ్మెల్‌వైస్ పట్టుకుని, 1847లో క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగిస్తే చావులు పడిపోయాయి. అంత స్పష్టంగా కనిపించినా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు.

ఇంగ్లిష్ పేపర్లు, వాటిలో లెక్కల కోసం రాసే ఆ పీ వ్యాల్యూలు మాకు అర్థం కావు.

నాకూ అన్నీ అర్థం కావు. పరిశోధన పేపర్ల దగ్గర మొదలుపెట్టొద్దు. మొదట ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చూడండి, వాటిలో పేపర్లన్నీ ఎవరో చదివి సారం తీసిపెట్టారు. ఆ తర్వాత కోక్రేన్ రివ్యూలు, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి తూచి చూసినవి. వాటికి ముందు మామూలు ఇంగ్లిష్‌లో ఒక పేజీ సారాంశం ఉంటుంది, ఉచితం. వెతికేముందు ప్రశ్నను విడగొట్టండి: ఎవరికి, ఏం చేస్తే, దేనితో పోలిస్తే, ఏం మారాలి. "క్యాన్యులా గురించి" అని వెతికితే సముద్రం. "పెద్దవాళ్లలో, అవసరమైతేనే మార్చడం, మూడు రోజులకు మార్చడంతో పోలిస్తే, నరం వాపు" అంటే దారి దొరుకుతుంది.

వాట్సాప్ గ్రూపులో వచ్చిన స్లైడు ఆధారం కాదు. పైన ఎంత పెద్ద ఆస్పత్రి లోగో ఉన్నా సరే.

ఆస్పత్రికి ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే చెక్‌లిస్టులన్నీ నింపుతాం. అది ఈబీపీ కాదా?

కాదు. లక్ష్య, ఎన్‌క్యూఏఎస్, కాయకల్ప్ లాంటి ప్రభుత్వ నాణ్యతా పథకాల చెక్‌లిస్టుల్లో రాసిన విషయాలు మంచివే. కానీ పదిహేను రోజుల రిజిస్టరు ఒక్క రాత్రి, ఒకే పెన్నుతో రాస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

చెక్‌లిస్టుల గురించి ఒక చేదు నిజం కూడా ఉంది. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆస్పత్రుల్లో సురక్షిత కాన్పు చెక్‌లిస్టును పక్కనుండి నేర్పిస్తూ పరీక్షించారు, 2017లో ఫలితాలొచ్చాయి. సిస్టర్ల పని మెరుగైంది, కానీ తల్లీబిడ్డల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నేర్పేవాళ్లు రావడం తగ్గాక పనిలో మెరుగు కూడా తగ్గింది. మందులు, రక్తం, మనుషులు, రెఫర్ చేస్తే చేరే దారి, ఇవి లేకుండా కాగితం ఒక్కటే బిడ్డను బతికించదు.

అయితే మరి అనుభవానికి విలువ లేదా? ముప్పై ఏళ్ల సర్వీసు సిస్టర్లు తప్పా?

ఎవరన్నారు? బీపీ, నాడి అన్నీ బాగానే ఉన్నా "ఈ మనిషి మొహం నాకు నచ్చట్లేదు" అని మా పాత హెడ్ సిస్టర్ అనేది. చాలాసార్లు రెండు గంటల్లో ఆ పేషెంటు కుప్పకూలేవాడు. అది మూఢనమ్మకం కాదు, వేల మొహాలు చూసిన కన్ను. కానీ అదే హెడ్ సిస్టర్ పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ బుసబుసలాడితేనే శుభ్రమైనట్టు అనేది. మొదటి మాట మీద పరుగెత్తాలి, రెండో మాట మీద వాదించాలి. ఏది ఏదో తెలుసుకోవడానికే చదువు.

కాలేజీలో ఒకటి నేర్పి, వార్డులో ఇంకోటి చేయిస్తే స్టూడెంట్లు ఏం చేయాలి?

పేషెంటుకు హాని లేనంతవరకు వార్డు చెప్పినట్టు చేసి, సాయంత్రం ట్యూటర్‌ను అడగండి. హాని అనిపిస్తే "మేడమ్, ఇది నాకు రాదు, మీరు చేసి చూపిస్తారా?" అనండి. ఇంతకన్నా సురక్షితమైన వాక్యం నాకు తెలియదు.

ఒక్క మార్పుతో మొదలుపెట్టాలంటే ఎలా?

మీ చేతిలో ఉన్నది, ఖర్చు లేనిది, నెలలో తేడా కనిపించేది ఎంచుకోండి. ఒక నోట్‌బుక్ తీసుకుని ముందు ఉన్నదున్నట్టు లెక్క రాయండి. ఉదాహరణకు పదిహేను రోజులపాటు వార్డులో ఎన్ని క్యాన్యులాల దగ్గర వాపు వచ్చింది, ఎన్నిటి మీద పెట్టిన తేదీ రాసుంది. ఇంకేమీ మార్చకండి. ఆ తర్వాత పద్ధతి మార్చి మళ్లీ పదిహేను రోజులు రాయండి. ముందు లెక్క లేకపోతే "అప్పుడూ ఇట్లనే ఉండె" అంటారు, మీ దగ్గర జవాబుండదు.

ఇవన్నీ పాటించాక ఏదైనా తేడా జరిగితే బాధ్యత నాదేనా?

మళ్లీ మొదటి భయానికే వచ్చాం. ఒంటరిగా మారిస్తే అవును, మీ మీదికే వస్తుంది. అందుకే ఒంటరిగా మార్చొద్దు. హెడ్ సిస్టర్, హెచ్ఓడీ, ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ కూర్చుని ఒక పేజీలో పద్ధతి రాయాలి, కింద సూపరింటెండెంట్ సంతకం ఉండాలి. నోటిమాట ఒప్పుకోలు సరిపోదు, సార్ ట్రాన్స్‌ఫర్ అయితే ఆ మాట కూడా ఆయనతోనే పోతుంది.

మా వార్డులో క్యాన్యులా కాగితం నర్సుల టేబుల్ వెనక గోడకు అంటించి ఉంది. సంతకం ఉంది, స్టాంపు ఉంది, తేదీ ఉంది, ఏడాది తర్వాత మళ్లీ చూడాల్సిన తేదీ కూడా రాసుంది. మొన్న కొత్తగా వచ్చిన నర్సింగ్ ఆఫీసర్ దాని ముందు నిలబడి ఫోన్‌లో ఫోటో తీసుకుంటోంది. ఎందుకమ్మా అంటే, "రాత్రి ఎవరైనా అడిగితే చూపిద్దామని మేడమ్" అంది.